వేలిముద్ర మొలిచే చోటు

కాశీబుగ్గలో జీడిగోదాము మీద మేడగది.
మూడు అద్దాలు, రెండు ఫ్యాన్లు, ఒకటే తిరుగుతుంది.
కాలిన పిక్కల వాసన
మా కోల్డ్ క్రీముల కంటే ముందే
మెట్లెక్కి వచ్చి కూచుంటుంది.

హేమసుందరి మేడం బోర్డు మీద
చర్మాన్ని అడ్డంగా కోసి గీసింది.
ఇది పైచర్మం. ఇందులో నెత్తురు లేదు.
గీసుకున్నా నెత్తురు రాలేదంటే
గీత ఇక్కడే ఆగిందన్నమాట.
అడుగు వరసలో కణాలు పుడతాయి,
కొత్తవి తోస్తుంటే పాతవి పైకి జరుగుతాయి,
జరుగుతూ జరుగుతూ ఎండి, చదునై, చచ్చి
పైకి వచ్చేసరికి పొట్టు.
దగ్గరదగ్గర ఇరవయ్యెనిమిది రోజుల దారి.
"మనం పౌడరు అద్దేదంతా చచ్చినవాటికే" అంది.
దమయంతి నవ్వాపుకోలేక
రికార్డు బుక్కులో మొహం దాచుకుంది.
నేను చెయ్యి గోకి చూసుకున్నాను.
తెల్లటి పొడి.
ఇది పోయిన నెల నేనా?

గోరు పాఠం శుక్రవారం.
గోరూ చచ్చినదే, కత్తిరిస్తే ఏడవదు.
బతికున్నది చర్మం కింద దాక్కున్న వేరు.
దాని అంచొక్కటే బయటికి కనిపిస్తుంది,
బొటనవేలి మీద తెల్లటి నెలవంకలా.
గుమ్మంలో కాపలా ఉన్న సన్నపొరను కత్తిరించకు,
తలుపు ఊడదీసిన ఇంట్లోకి ఏదైనా వస్తుంది.
నెలకి మూడు మిల్లీమీటర్లు నడుస్తుంది గోరు.
కాలిగోరుకైతే ఏడాది చాలదు.
ఇది పరీక్షలో వస్తుందట, కింద గీత గీసుకున్నాను.

ప్రాక్టికల్‌కి ఎవరి మనిషిని వాళ్లే తెచ్చుకోవాలి.
దమయంతి వాళ్ల వదినని తెచ్చింది.
నేను కింద గోదాములో అడిగితే
భోజనాల వేళ తవిటమ్మ వచ్చింది,
చెంగుకి చేతులు తుడుచుకుంటూ.
"డబ్బులేటి అడగరు గదా?"
లేదు పిన్నీ, మేమే టీ ఇస్తాం.
"అయితే బేగి కానీ గుంటా, రెండుకి గంట కొడతారు."

గోరువెచ్చటి నీళ్లలో ఆమె చేతులు దించాను.
ఆ మాటలో గోరు ఎందుకుందో
ఆ రోజు దాకా ఆలోచించలేదు.
నీళ్లు నల్లబడలేదు. అది మురికి కాదు.
పిక్కపెంకు చమురు పద్దెనిమిదేళ్లుగా
కాల్చి, మాననిచ్చి, మళ్లీ కాల్చిన నలుపు.
వేళ్ల కొసలు గాజుపెంకుల్లా నున్నగా ఉన్నాయి.
బొమ్మలో వరిమడి గట్లలా వంపు తిరిగిన గీతలు
ఆమెకి లేవు.
"రేషన్ కాడ మిషన్ ఒప్పదమ్మీ.
పది ఏళ్లూ ఎట్టినా నాను నాను కాదంటది.
మా ఆయన ఏలు ఎట్టితేనే బియ్యం."

ఎడమ బొటనగోరు మీద అడ్డంగా ఒక గాడి.
స్కేలు పెట్టాను, తొమ్మిది మిల్లీమీటర్లు.
మూడుతో భాగించాను.
పిన్నీ, మూడు నెలల కిందట నీకేమైనా అయిందా?
ఆమె చెయ్యి లాక్కుంది.
"ఓలమ్మ, సోదె సెప్తన్నావేటే!
జొరమొచ్చి పదకొండు రోజులు నెగనేదు.
నీకెవులు సెప్పినారు?"
నీ గోరే.
ఒళ్లు కాలిపోతుంటే వేరు పని మందగించి
ఆ సంగతి అక్కడ రాసిపెట్టుకుంది.
మేస్త్రి కూలి కోసేసుకున్న రోజులకి
గోరు మస్టరు వేసింది.

మేడం వంగి చూసింది.
చీలికలున్నాయి, స్క్రబ్ వద్దు, నూనె రాయి.
మనం రోగాలకి పేర్లు పెట్టం,
డాక్టరుకి చూపించమని చెప్పు.
గీతలు మళ్లీ వస్తాయా అనడిగాను.
అచ్చు కిందిపొరలో ఉంటుందంది.
లోతుగా కాలకపోతే
అదే గీత, అదే మలుపు మళ్లీ లేస్తుంది.

పరీక్ష పాసైనదానిలా తవిటమ్మకి చెప్పేశాను.
ఇరవయ్యెనిమిది రోజులు పిక్కలు ముట్టకపోతే
నీ ముద్ర నీకొచ్చేస్తుంది!
ఆమె పళ్లన్నీ కనపడేలా నవ్వింది.
"అన్నాళ్లు ముట్టకపోతే బియ్యమెందుకమ్మీ,
పొయ్యే ఎలగదు."

కింద గంట కొట్టారు.
ఒక్క గోటికే రంగు వెయ్యగలిగాను.
గాడి ఉన్నదానికి వేయబోతే
"అది ఒగ్గీయ్, పక్కదానికెయ్" అంది.

ఇంకో మూడు నెలలకి
ఆ గాడి కొసకి చేరుతుంది.
కత్తిరించడానికి రమ్మన్నాను, టీ ఇస్తామన్నాను.
అప్పటికి మా బ్యాచ్ ఉండదు,
ఈ మేడకి టులెట్ బోర్డు కట్టినా కట్టొచ్చు.
తేదీ మాత్రం
రికార్డు బుక్కు అట్ట లోపల
పెన్సిల్‌తో రాసుకున్నాను.