తరుగు

హైదరాబాదు నుంచి ఎడిటరుగారు ఫోన్ చేసి
"పద్దెనిమిది వందల మాటలడిగితే రెండు వేలు పంపినారమ్మా,
మిగతావి తీసేశాం" అన్నప్పుడు
నాకు కోపం రాలేదు.
ఆదోని యార్డు పక్కన పుట్టి పెరిగినదాన్ని,
తరుగు తీయకుండా ఏ సరుకు అమ్ముడుపోతుందని?

మా నాయన ఉరుకుందప్ప కాటా మనిషి.
పత్తి బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి
తేమ ఎంతో చెప్పేవాడు.
మిషన్ అదే అంకె చూపించే లోపల
బీడీ అంటించేవాడు.
చదువు రాదు, లెక్క వచ్చు.
నా మొదటి కథకు నూట యాభై మనియార్డరు వస్తే
"ఎన్ని దినాలు రాస్తివి?" అన్నాడు.
తొమ్మిది.
వేళ్ళ మీద ఏదో లెక్కేసి,
పత్తి ఏరే కూలి ఇంతకన్నా మేలని కూడా అనకుండా
టీ తాగను పోయినాడు.

ఇరవై రెండేండ్లు.
కథలే రాసి బతికినానంటే అబద్ధం.
విత్తనాల కంపెనీకి కరపత్రాలు రాసినా,
రిటైరయ్యే హెడ్మాస్టర్లకు సన్మాన పత్రాలు రాసినా.
"మృదుస్వభావి" అన్న మాట ఎంతమందికి అమ్మినానో,
అందులో ఇద్దరు నన్ను బెత్తంతో కొట్టినవాళ్ళే.
నూనెమిల్లు సేటు పోతే ఆయన జీవిత చరిత్ర,
నలభై పేజీలు, రంగుల అట్ట, సగం అడ్వాన్సు.
మిగతా సగం ఎవరివ్వాలో
కొడుకులు ఇంకా తేల్చుకోలేదు.

బ్యాంకు కాగితంలో వృత్తి గడిలో రచయిత్రి అని పెడితే
గుమాస్తా తలెత్తినాడు.
"రైటరా? రిజిస్ట్రారాఫీసు కాడనా, టూ టౌన్ స్టేషన్లోనా?"
రెండూ కాదన్నాను.
మరి జీతం ఎవరిస్తారన్నాడు.
అడగదగ్గ మాటే.

పోయిన నెల ఆలూరు నుంచి ఒక పిల్ల బస్సెక్కి వచ్చి
"రాసి బతకొచ్చా అక్కా?" అనింది.
బజ్జీలు పెట్టి పద్దుపుస్తకం చూపించినా.
రావాల్సిన బాకీల వరస పేజీ దాటి పోతావుంటే
వేలు పెట్టి కిందికంటా చదివి,
"దినానికి ఎంతసేపు రాస్తావక్కా?" అనింది.
నిలబడుతుంది ఆ పిల్ల.

నాలుక్కు లేస్తాను, జిన్నింగు మిల్లు కూతకు ముందే.
నీళ్ళొచ్చే దినమైతే బిందెలు వరస పెట్టి
కొళాయి బుసకొట్టే దాకా రాస్తాను.
ప్రేరణ అంటారు కొందరు.
నాకు తెలిసింది కరెంటు బిల్లు ఆఖరి తేదీ.
అయినా ఒక్కో దినం,
సీజన్లో దూది కిటికీలోంచి వచ్చి
తడి సిరా మీద వాలినట్టు
పిలవని వాక్యం ఒకటి అంటుకుంటుంది.
విదిలిస్తే అక్షరం చెదురుతుంది,
ఉంచితే కరపత్రం చెడుతుంది.
దాన్ని మెల్లగా ఎత్తి
రేటు చెప్పని నోటుబుక్కులో పెట్టుకుంటాను.

ఆ నోటుబుక్కు పుస్తకమయింది.
ఐదొందల కాపీలు, డబ్బులు నావే.
నూట పన్నెండు పోయినాయి, సగం ఊరికే.
మంచం కింద కట్టలకు చెదలు పడతావుంటే
పాతపేపర్ల మాబాషాను పిలిచినా.
నాయన వద్దంటాడనుకుంటి.
అరుగు మీంచి లేచి వచ్చినాడు.
చూపు సగమే, చెయ్యి మాత్రం ఇంకా అదే చెయ్యి.
మాబాషా కొక్కేనికి కట్ట తగిలిస్తుంటే
మణికట్టు పట్టుకున్నాడు.
"ముందు ముల్లు సున్నాకు తేప్పా.
నా బిడ్డ సరుకిది.
తరుగు తీసేది లే."

మొదటి కట్ట పదకొండు కిలోల నాలుగొందలు.
అంకె ఎంతని రెండుసార్లు అడిగినాడు.
తర్వాత ఒక పుస్తకం లాగి,
నడిమికి తెరిచి,
పేజీల మధ్యన చెయ్యి పెట్టి
తేమ చూసినాడు.