రాత్రి వేడి

పరీక్ష గది గుమ్మంలో యంత్రం ఎర్రగా మెరిసింది.
మళ్లీ పెట్టండి, అన్నాడు కుర్రాడు.
బొటనవేలు, చూపుడువేలు, ఎడమచెయ్యి.
తుడుచుకుని పెట్టండి మేడం.

తుడిస్తే వచ్చేది కాదు బాబూ.
పలాసలో సెలవులన్నీ అమ్మ పక్కన కూచుని
జీడిపిక్కలు కొట్టిన చేతులివి.
పెంకు చమురు గీతలన్నీ తినేసింది.
అమ్మయితే రేషన్ కొట్టు దగ్గర
కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది.

హాల్ టికెట్టు మీది బమ్మిడి ఢిల్లీశ్వరిని నేనేనని
ఇద్దరు సంతకాలు పెట్టేక
పావుగంట ఆలస్యంగా కూచున్నాను
మొదటి ప్రశ్న ముందు.
గాలిలో తేమ గురించి అడిగారు.
నా మెడ వెనక చెమట ఇంకా ఆరలేదు.

ఇంటర్వ్యూలో ఐదుగురు.
ఏం పరిశోధిస్తావన్నారు.
రాత్రి వేడి, అన్నాను.
పగటెండని అందరూ తిడతారు, లెక్క రాస్తారు.
ఉద్దానంలో జీడిపూతకి కావలసింది రాత్రి చలి.
మాఘంలో తెల్లారగట్ల దుప్పటి తన్నేశామంటే
ఆ ఏడు పూత మాడుతుందని మావాళ్లకి తెలుసు.
ఎంత వేడికి, ఎన్ని రాత్రులకి, అది తెలీదు.
దానికే నాకు ఐదేళ్లు కావాలి.

డేటా ఎక్కడిది?
తామాడ కూర్మారావు తాత పంపుషెడ్డు గోడ, అన్నాను.
ఒకాయన నవ్వుని నీళ్లగ్లాసులో దాచుకున్నాడు.

తాత చదువు రెండో తరగతి.
తోటలో తొలిపూత కనబడ్డ రోజు
బొగ్గుముక్కతో గోడ మీద గీసేవాడు
తిథీ, వారం,
మంచు పడితే ఒక సున్నా,
దక్షిణపు గాలయితే ఒక కొక్కెం.
సున్నం వేసే నెలొస్తే
ఆ గోడ ఒగ్గీమని కూలోళ్లతో తగువు.
పాత పంచాంగాలు ముందేసుకుని
రెండు నెలలు ఆ తిథుల్ని తేదీలు చేశాను.

ఎన్నేళ్లు?
అడిగింది చివరి కుర్చీలో ఆవిడ,
అంతవరకూ మాట్లాడనావిడ.
ఇరవై ఒకటండీ. మధ్యలో నాలుగేళ్లు ఖాళీ.
తిత్లీ తర్వాత.
గోడ పడిందా?
గోడ ఉందండీ. చెట్లే లేవు.

ఫ్యాను తిరిగింది.
మరి ఆ ఖాళీని ఎలా పూడుస్తావు?
పూడ్చను.

ఇంట్లో అమ్మ ఇంటర్వ్యూ ఇంకా కష్టం.
"ఈ పీయెచ్‌డీ సదివితే తుపాను ఆగిపోద్దేటే?"
ఆగదమ్మా.
"మరేటి సేస్తావు?"
ఏ రాత్రి ఎంత కాగిందో రాస్తాను.
"కూర్మారావు మావ రాసేడు కదా,
ఆయనకెవులూ జీతమివ్వనేదు."
నాకు ఫెలోషిప్ ఇస్తారు, నెలనెలా.
ఆర్నెల్లకోసారి పడుతుందని సీనియర్లు చెప్పారు.
అమ్మ పడీపడీ నవ్వింది,
"అయితే మా బట్టీ సావుకారే!"

వెయిటింగ్ లిస్టులో నాది నాలుగో పేరు.
పైనున్న ఒకడికి బ్యాంకులో వచ్చింది.
ఒకమ్మాయి వేరే ల్యాబుకి వెళ్లింది.
మూడో మనిషి ఎందుకు చేరలేదో తెలీదు,
ఎక్కడున్నా ఆయనకో దండం.

చేరిన ఐదో నెల,
హాజరు యంత్రం ముందు అలవాటుగా
గుర్తింపు కార్డు తీసి నిలబడితే
ఓసారి వేలు పెట్టి చూడమ్మా, అన్నాడు గుమాస్తా.
పచ్చగా వెలిగింది.
నమ్మక ఇంకోసారి పెట్టాను.
మళ్లీ పచ్చగా.
కిటికీ వెలుగులో చూసుకున్నాను,
నారుమడిలా సన్నగా
గీతలు.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి ఇది చెప్పలేదు.
తోటలో కట్టిన థర్మామీటరు
ఎంత చూపిస్తోందని అడిగాను.
"నిద్దర్లో లేపేవు కదే గుంటా, ఉండు."
టార్చి నొక్కిన చప్పుడు.
ఎండాకుల మీద చెప్పులు.
చాలాసేపు ఊపిరి మాత్రమే.

"ఇరవై రెండున్నర."

పుష్యమాసంలో.
రాసుకున్నాను.