జనరల్ గారి కుడి చెవి

మందస డిపోలో జీడిపిక్కలు తూచే గుమాస్తాని.
ఎనభై తొమ్మిది, జ్యేష్ఠం,
గోనెలు కూడా చెమట కంపు కొట్టే మధ్యాహ్నం.
పనసతొనలు చుట్టుకొచ్చిన కాగితం విప్పి
సవర దుక్కన్న కాంటా పళ్లెంలో పరిచాడు.
"సదువు బావూ, ఈడెవుడో."

ఇంగ్లీషు పత్రిక. సగం చిరుగు, సగం పనస జిగురు.
భుజాల మీద కొత్త నక్షత్రాలతో ఓ ముసలి సైనికుడు.
నాకొచ్చినంతలో తెలుగు చేశాను:
చైనా సైన్యంలో కొరియా జాతి జనరల్.
సరిహద్దు ఏటి గట్టున కొర్రచేల ఊళ్లో పుట్టుక.
పదహారేళ్లకి తుపాకి.
మంచులో నది దాటి
అమ్మ మాట మాట్లాడేవాళ్ల యుద్ధంలోకి నడక.
తర్వాత దుబాసి.
తర్వాత పదేళ్లకి కలిపి ఒకటే వాక్యం,
"పొలంలో పనిచేశారు."
తర్వాత రెజిమెంటు, డివిజను,
నిరుడు, సైన్యం భుజాలకి మళ్లీ గుర్తులు కుట్టినప్పుడు
మొదటి నక్షత్రం.

"ఆ పదేళ్లూ ఏటయింది?"
రాయలేదన్నాను.
"రాయరు" అన్నాడు, తొన నోట్లో పెట్టుకుంటూ.

అప్పుడు చెప్పాడు, గింజ ఉమ్మేసి.
యాభై మూడు. అంబులెన్సు దళంలో స్ట్రెచర్ మోత.
ఓడెక్కి కొరియా. ముళ్లకంచెల వెనక ఖైదీలు.
గుడారంలో కూచోబెట్టి
ఇంటికి రండర్రా అని వాళ్లవాళ్లే బతిమాలుతుంటే
ఒక ఖైదీ విసిరిన స్టూలు
దుబాసికి తగిలింది.
"కుడి సెవి. తమ్మె ఊడి ఏలాడిపోనాది.
డాట్రు కుట్టీదాకా
ఆడి తల నా ఒళ్లోనే."

మూడో కుట్టుకి
ఆ మనిషి "ముల్" అన్నాడట.
పక్కనే చైనా ఆఫీసరు.
గొంతు సవరించుకుని "ష్వెయ్" అన్నాడట.
డాక్టరుకి రెండూ ఒకటే, నొప్పి అనుకున్నాడు.

దుక్కన్నకి మాత్రం దాహం వినిపించింది.
లక్నో బారక్స్‌లో జ్వరం రాత్రి
తానూ "డా" అని అడిగి,
నాలిక్కరుచుకుని "పానీ" అన్నవాడే.
మందస సంతలో "నీళ్లు" అనడం రాక
కొట్టువాడి బంగారుపన్ను నవ్వు చూసినవాడే.
మగ్గు అందిస్తూ, తెగని చెవిలో,
"డా" అన్నాడట.
ఆ దుబాసి దానికి అర్థం అడగలేదట.

ఫొటోలో మొహం ఎడమకి వాలి ఉంది.
కుడి చెవి లేదు, టోపీ నీడ ఉంది.
ఎలా చెప్తావు వాడేనని?
"ఆ పక్క సూపించనేదంటేనే ఆడు."

పద్దెనిమిదేళ్ల నౌకరీ, నాయక్ దాకా.
పెన్షను బుక్కులో వాళ్ల ఊరి పేరు తప్పు.
దిద్దించుకో అంటే
ఏ బాసలో, అంటాడు.

సంచి ఎక్కించాను.
నా కాంటా అరకిలో తక్కువ చూపుతుందని
ఇద్దరికీ తెలుసు, ఎన్నేళ్లుగానో.
ఆ రోజు పళ్లెం కింది రాయి తీసేశాను.

"ముల్లు నిలిచింది దుక్కన్నా, పద్నాలుగు."
అతను కాంటా చూడలేదు.
మంచినీళ్ల చెంబు
మెల్లిగా నావైపు జరిపాడు.