బొటనవేలి చోటు

మా ఇంట్లో చదివే పలక ఒక్కటే.
ఇద్దరం చదువుతాం, ఒకే నవల.
ఆయన మధ్యాహ్నం మూడింటికి, చీకటి పడ్డాక.
నేను రాత్రి, గిన్నెలు కడిగాక.

ఆయన వదిలిన పేజీ తెరిస్తే
ఇసుకేస్తే రాలనట్టు అక్షరాలు.
అటు మార్జిన్ లేదు, ఇటు మార్జిన్ లేదు.
వాక్యం తెర కొసన మొదలై
తెర కొసకే వెళ్లి ఆగుతుంది,
ఇంకో అడుగేస్తే కింద పడేటట్టు.

"ఊపిరాడ్డం లేదు టౌనో, ఇందులో" అంటాను.
"దుబారా నా వల్ల కాదు" అంటాడు.

ముప్పై ఒక్కేళ్లు కెమి ఊళ్లో కాగితం మిల్లు మనిషి.
తెల్లచోటు ఖరీదు తెలిసినవాడు.
ఒక్కో రోలుకి ఎన్ని చెట్లో
వేళ్ల మీద లెక్క చెప్పేవాడు,
తొమ్మిది వేళ్ల మీద.
పదోది, ఎడమచేతి బొటనవేలు,
ఒక మార్చి నెల రాత్రి షిఫ్టులో
కాగితాల కట్టతో పాటు, కట్టంత నున్నగా తెగింది.
ఒక కట్ట పాడైందని రిజిస్టర్లో రాశారట.
వేలి సంగతి వేరే పుస్తకంలో.
ఇది చెప్పి ఆయనే నవ్వుతాడు, నేను నవ్వను.

మిల్లు మూసేశారు. గొట్టం ఉంది, పొగ లేదు.
ఇప్పుడు కాగితమే లేని పుస్తకంలో
కాగితం పొదుపు చేస్తున్నాడు మా ఆయన.

నేను సెట్టింగుల్లోకి వెళ్తాను.
అక్షరం మూడు మెట్లు పెంచుతాను.
లైనుకీ లైనుకీ నడుమ
మంచు ఎత్తే పార భుజాన వేసుకుని
ఒక మనిషి నడిచేంత దారి తీస్తాను.
కుడివైపు లైన్లన్నీ గోడ కట్టినట్టుండాలి ఆయనకి.
నాకు ఎక్కడి మాట అక్కడ ఆగితే చాలు,
సముద్రం గడ్డకట్టే వారంలో మంచు అంచులాగా,
వంకరటింకరగా.
సమం చేద్దామని మాటల మధ్య సాగదీసిన సందులు
పళ్లూడిన నోళ్లలా కనిపిస్తాయి.

పొద్దున కాఫీ దగ్గర
"నూట నలభైలో ఉన్నా" అంటాడు.
"నేను మూడు వందల పన్నెండు" అంటాను.
తీరా చూస్తే ఇద్దరం అదే వంతెన మీద,
అదే ఆడమనిషి, అదే ఉత్తరం చింపుతూ.

పోయిన వారం బద్ధకించి
ఆయన అమర్చిన పేజీలోనే కూర్చున్నాను.
ప్రతి లైను మొదటి మాటా నా వేలి కింద.
ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో కనపడదు.
వేలు జరిపితే పేజీ తిరిగిపోతుంది.
వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి.
అందానికి వదిలారనుకున్నాను ఇన్నాళ్లూ ఆ తెల్ల గట్టు.
ఆయన పలకని అరచేతి మీద పళ్లెంలా మోస్తాడు.
మూయడానికి అక్కడ ఏమీ లేదు.
ఆ మాట అనబోయి
లేచి స్టవ్వు తుడిచాను.

మొన్న మైనస్ ఇరవై ఏడు.
రాత్రి పలక తెరిస్తే వింత:
కుడివైపు ఎప్పట్లాగే ఇరుకు,
అక్షరాలు ఎప్పట్లాగే చీమలు,
ఎడమవైపు మాత్రం పైనించి కిందికి
రెండు వేళ్ల వెడల్పున ఖాళీ.
పాడైందనుకుని ఆపి, మళ్లీ వేశాను.
అలాగే ఉంది.

"పాడవలేదు" అన్నాడు, అటు తిరిగి పడుకునే.
"చలికి సలుపుతోంది."
"ఏది?"
"లేనిది."
హీటరు టిక్కుమని ఆగింది.
"దాన్నీ ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలిగా, హిల్కా."

నేనేం మార్చలేదు.
ఆ ఖాళీలో నా వేలు పెట్టి చూశాను,
నా వేలికి కొంచెం వదులు.
రెండు కళ్లద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని
ఆ చీమలబారునే చదివాను, నాలుగు పేజీలు.

ఐదో పేజీలో మాత్రం
ఆయన గురక మొదలయ్యాక
అక్షరం ఒక్క మెట్టు పెంచాను.