ఎనిమిదంటే ఎనిమిదే

ఐతారం పొద్దుగాల ఐదింటికి
ఓదేలు స్కూటర్ హారన్ రెండుసార్లే కొడతడు.
మూడోది కొడితే మా ఆమె లేస్తది,
లేస్తే ఆట పోతది.

సంచిల నాలుగే కట్టెలు.
ఏడో నంబరు ఇనుపది సికింద్రాబాద్ పాతసామాన్లల్ల దొరికింది.
పట్టుకాడ రబ్బరు ఊడితే
వర్క్‌షాపు రాజనర్సు సైకిల్ ట్యూబు చుట్టిచ్చిండు.
ఇంకోటి మేనేజర్ సారు రిటైరై పోతా పోతా
"నీ నడుముకు పనికొస్తది" అని ఇచ్చిపోయింది.
అట్లెందుకన్నడో ఇప్పటికీ తెల్వదు.

గోదావరిఖని అవుతల, మట్టికుప్పలకు ఇవుతల
తొమ్మిది గుంతలు.
టీవీల చూపిచ్చే పచ్చటి తివాచీ కాదు.
గుంత చుట్టూ ఇసుక, దాంట్ల పాత ఇంజను నూనె
కలిపి రోలర్ తిప్పుతరు.
తెల్లప్యాంటుతోటి వంగినోడు నల్ల మోకాళ్లతోటి లేస్తడు.
మిగిలిందంత తుమ్మ, పల్లేరు, మల్లేశం బర్లు.
బర్రె బంతిని తొక్కితే దండుగ లేకుంట జరుపుకోవచ్చు.
పెండల పడితే మాత్రం ఎవని నసీబు వానిది.
ఈ రెండో రూలు మీద కొట్లాడి
పోయినేడు నేనూ ఓదేలూ
రెండు నెలలు మాట్లాడుకోలె.

గాలి చూసుకునేటందుకు గడ్డిపోచలెందుకు?
కరెంటు పొగగొట్టం ఉండనే ఉండె,
పొగ ఎటు వంగితే అటు.

నా కొట్టుడు చూసి
కొత్తగొచ్చిన ఇంజనీరు పిల్లలు నవ్వుతరు.
నవ్వనీ.
చిర్రగోనె ఆడిన చేతులివి,
కింద గుండ్రంగ ఏది కనవడ్డా
ముందుగాల గాల్లకు లేపబుద్ధయితది.
మోకాలెంత వంచాలె, మెడెట్ల పెట్టాలె
ఫోన్ల చూసి వాళ్లు నాకు చెప్తరు.
నేను వాళ్లకు చెప్పేదొక్కటే,
కొట్టేముందు ఊపిరి ఇడువుండ్రి.
ఇనరు.

అసలీ ఆట నాకెందుకు పట్టిందంటే
దీంట్ల అంపైర్ లేడు.
పొదెనుక ఎన్ని దెబ్బలు కొట్టినవో
నీకూ పొదకే ఎరుక,
చీటి మీద నువ్వే రాసుకోవాలె.
కాంట్రాక్టర్ శ్రీపతిరావు ఎనిమిది కొట్టి ఐదంటడు,
బూటు కొసతోటి బంతిని మెల్లగ నూకుతడు.
చాయి మాత్రం అందరికీ ఆయనే తాపిస్తడు.
నేను తాగుత.
తాగుకుంట నా ఎనిమిదిని ఎనిమిదనే రాస్త.

ముప్పై ఒక్కేండ్లు లాంపురూముల చేసిన.
బాయిల దిగేటోనికి దీపమిచ్చి
వాని బిళ్ల మేకుకు తగిలిచ్చుడు,
ఎక్కొచ్చినంక దీపం తీసుకొని బిళ్ల ఇచ్చుడు.
మేకుకు ఒక్క బిళ్ల మిగిలిందంటే
కింద ఒక్క మనిషి మిగిలినట్టు.
ఒక రాత్రి నూటనలభై ఆరు
షిఫ్టు అయినంక గూడ మేకుకే ఉండె.
నాలుగుసార్లు ఎంచిన,
నా లెక్కే తప్పు కావాలని ఎంచిన.
కాలె.

పోయిన బంతిని మూడు నిమిషాలే దేవులాడుమంటది రూలు.
ఓదేలు గడియారం చూస్తడు.
నేను పల్లేర్లల్ల నిలవడి
కట్టెతోటి పొదలు జరుపుతనే ఉంట.
"అయిపాయె పోశాలూ, ముప్పై రూపాల బంతి,
ఇంకోటి పెట్టుకోరాదు" అంటడు.
సరే అని దండుగ రాస్త.
రాసినంక గూడ ఓసారి ఎనుకకు చూస్త.

ఇయ్యాల నాలుగో గుంత.
దగ్గరిదే, నూటపది గజాలు.
ఏడో నంబరు ఇనుము, ఊపిరి ఇడిసిన.
బంతి ఇసుక అంచుల పడి
నూనె మీద సన్నటి గీత గీసుకుంట గీసుకుంట
గుంతల పడ్డది.
ఒక్క దెబ్బ!
అప్పుడే ఓదేలు తుమ్మచెట్టు దిక్కు తిరిగి
ఒంటికి పోసుకుంటున్నడు.
ఒర్రుకుంట పిలిచిన. ప్యాంటు సదురుకొని ఉరికొచ్చేటాళ్లకు
మల్లేశం బర్రె ఆ గీత మీదికెళ్లే నడిచిపాయె.

చీటి మీద ఒకటి అని రాసిన.
చెయ్యి వణికితే ఒకటి గూడ వంకరొచ్చింది.
శ్రీపతిరావు చూసి కన్నుగొట్టిండు,
"ఇన్నొద్దులకు తొవ్వకొచ్చినవ్ పోశాలూ!"

చాయి చల్లగయింది.
తాగలె.