కడుపు దగ్గర మొదలు

మంగళవారం రెండింటికి
క్లెమ్ హారిగన్ వాన గురించి మాట్లాడతాడు.
పడని వాన గురించి.

నేను న్యూకాజిల్‌లో, మూడో అంతస్తులో,
హెడ్‌సెట్ తగిలించుకుని వింటాను.
అతను ఐవన్హో అవతల, ఎర్రమట్టి దారి చివర,
సిగ్నల్ అందే ఒకే ఒక్క చోట,
గేటు పక్కన ఆపిన ట్రక్కు బానెట్ మీద.

గాలిమర కిర్రుమంటే ఉత్తరపు గాలి.
కుక్క రెండుసార్లు మొరిగితే పోస్టు బండి.
అయిదు నెలలుగా అన్నీ తెలిశాయి,
మనిషి ముఖం తప్ప.

గొర్రెల ధర చెప్పాడు.
పక్క ఫారం అమ్ముడుపోయిందన్నాడు.
నేను తొందరపెట్టను.
నాకొచ్చిన వైద్యంలో సగం ఇదే,
వాన కబుర్లు అయిపోయేదాకా ఆగడం.
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని
ఏ ఊరి మగాడికీ ఎవరూ నేర్పనక్కర్లేదు.
ఇతనికి నిజంగానే చించారు,
జానెడు పేగు కోసి తీశారు,
మిగిలిన కొసను బొడ్డు పక్కన బయటికి తెచ్చి కుట్టారు.
మాట మాత్రం లోపలే ఉండిపోయింది.

"అంతా బాగానే ఉంది సిస్టర్."
గాలిమర కిర్రుమంది.
"అంతా అంటే?"
మళ్లీ గాలిమర.
"ఇల్లు కదిలి పదకొండు రోజులైంది."

శనివారం పబ్బులో, నలుగురి మధ్య,
సంచి అంచు ఊడింది.
ఎవరూ ఏమీ అనలేదు.
బారు వెనక లొరేన్ మెల్లగా వెళ్లి
ఒక్కో కిటికీ తెరిచింది.
"ఆ కిటికీలే సిస్టర్.
ఎవడైనా నవ్వినా బాగుండేది."

రంగు అడిగాను. ఎన్నిసార్లో అడిగాను.
మందుకి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని,
చల్లటివి ముట్టుకుంటే సూదులు గుచ్చుతున్నాయా అని.
బీరు గోరువెచ్చగా తాగుతున్నాడట,
ఈ దేశంలో అంతకన్నా అవమానం లేదట.
"సంచి అంటించే చోట వెంట్రుకలున్నాయా?"

చప్పుడు లేదు.
లైను తెగిందనుకున్నాను.
తర్వాత ఒక నవ్వు, దగ్గుతో మొదలై
కుక్కను కూడా లేపిన నవ్వు.
"యాభై రెండేళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించా!
మొదలుపెట్టేదే కడుపు దగ్గర.
నన్నా అడుగుతున్నావు?"

ఎడమ చేత్తో చర్మం సాగదియ్యాలట.
పేరు కుడి చేతిది, పని ఎడమ చేతిది.
ముడత మిగిలితే గాటు పడుతుందట.
తడి ఉన్ని ముట్టుకోకూడదట, ఆరాల్సిందేనట.
నేను చెప్పాల్సిన పాఠమంతా నాకే అప్పజెప్పాడు.
ఒక్కటే కలిపాను,
అంటించే ముందు ఆ బిళ్లని
రెండు అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టు,
పిచ్చుక పిల్లని పట్టుకున్నట్టు.
"పిచ్చుకలు గింజల దొంగలు.
గొర్రెపిల్ల చెవి అను."
సరే, గొర్రెపిల్ల చెవి.

"చూపించనా?" అన్నాడు.

తెర మీద మొదటిసారి అతను.
ముఖం కాదు.
పైకెత్తిన గళ్ల చొక్కా,
ఎండ ఎప్పుడూ తాకని తెల్లటి పొట్ట,
దాని మీద తడిగా, ఎర్రగా,
చెంప లోపలి రంగులో, కదులుతూ, అది.
అంచున కాస్త కందింది.
"బాగుంది," అన్నాను. నిజంగానే బాగుంది.
"దాన్ని బాగుందన్నవాళ్లు లేరు."
"డాట్ చూసిందా?"
"గది బయటే నిలబడుతుంది.
నేనే తలుపు వేస్తా."
ఫోను జారింది.
ఒక నిమిషం నిండా ఆకాశం,
ఒక్క మబ్బు లేదు,
కింది మూలన కుక్క ముక్కు.
లైను పోయింది.

రికార్డులో రాశాను:
చర్మం స్వల్పంగా కందింది. సంచి సైజు మార్చాలి.
స్కాన్ గురువారం.
నవ్వాడని రాయడానికి గడి లేదు.
ఇతర వివరాల్లో రాశాను.
తలుపు సంగతి రాయలేదు,
అది వచ్చే మంగళవారానికి.

రెండూ నలభైకి థావ్.
ముప్పై నాలుగేళ్లు.
ముగ్గురు డాక్టర్లు మొలలన్నారు,
నాలుగో డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.
ఆమె మాట్లాడుతుంటే వెనక ఎప్పుడూ
గిలక్కాయ శబ్దం.
ఇవాళ ఫోను మోగుతోంది.
అయిదు. ఆరు.
పాపకు స్నానం చేయిస్తోందేమో అనుకుంటాను.
అనుకుని
ఇంకోసారి మోగనిస్తాను.