నిండిన టబ్బు

జూలై ఆఖరు వారం.
మంజూర్‌నగర్‌ల నా రెండు కుర్చీల దుకాణం ముందు
గొడుగులు వరుస కట్టినయి.
ఒక్కో గొడుగు కింద ఒక్కో ఫారం పదహారు,
కవర్ల పెట్టి, ఆ కవరును ఇంకో కవర్ల పెట్టి.

మొదటి షిఫ్టు దిగి, తానం చేసి వచ్చిండు జక్కుల ఓదెలు.
కనురెప్పల అంచుకు మాత్రం బాయి ఇంకా అంటుకునే ఉంది,
కాటుక పెట్టిన పెండ్లిపిలగాని లెక్క.

ఫారం నా ముందు పెట్టిండు.
దాని మీద పోస్టాఫీసు పాసుబుక్కు పెట్టి
కాసేపు చెయ్యి తియ్యలేదు.
"ఇది గూడ రాయి బిడ్డా. ఇది నా సొంతం.
కంపెనీకి తెల్వది."

ఎనభై సీ గడి తెరిచిన.
లక్షా యాభై వేలు పట్టే గడి.
పీఎఫ్ కింద కంపెనీ కోసిన లక్షా డెబ్బై ఒక్క వేలు
అప్పటికే అండ్ల కూసొని ఉన్నయి,
పట్టక, మోకాళ్లు బయటికి పెట్టుకొని.

ఎట్ల చెప్పాలె?
మా నాయిన ఇరవై ఏండ్లు హాలర్ నడిపిండు.
ఆ భాష నాకు కొంచెం వచ్చు.
"మామా, టబ్బు నిండింది" అన్న.
"నువ్వు ఇంకో తట్ట పోసినా కింద పడుతది.
టబ్బుల పట్టిందే రాస్తరు.
కింద పడ్డది రాయరు."

ఒక్కసారికే అర్థమైంది ఆయనకు.
కాకపోతేనే బాగుండేది.

"ఎవలు నింపిన్రు?"
"కంపెనీ."
"ఎవల బొగ్గుతోని?"

నేను కీబోర్డు దిక్కు చూసిన.

పాసుబుక్కు తిప్పుతుంటే
ఒక నెల పన్నెండు వేలు, ఒక నెల ఆరు,
ఒక నెల సున్నా, మళ్ల పద్దెనిమిది.
"ఇదేంది మామా, నెలకో తీరు?"
"ఎన్ని ప్లే డేలు దొరికితే అన్ని పైసలు.
వారమంత చేసింది కంపెనీ దాస్తది.
ఐతారం చేసింది నేను దాసుకుంట."
"మరి ఈ సున్నా?"
"మా ఆమెకు కన్ను ఆపరేషను.
ఆ నెల ఐతారాలు హన్మకొండ దవాఖాన్ల కూసున్న."

కొంచెంసేపు ఫ్యాను చప్పుడే.

"అంటే సర్కారు కాడ
సోమారం నుంచి శనారం దాకనే నేను దాసినట్టు.
ఐతారం దాసింది దాసినట్టు గాదు."

పదకొండేండ్ల సంది ఈ సెక్షను చదువుతున్న.
ఇంత సూటిగా అది నాకెన్నడూ చెప్పలే.

కొత్త పద్ధతిల కొట్టి చూపెట్టిన.
పన్ను నాలుగు వేలు తగ్గింది.
అండ్ల ఆ గడే లేదు,
నిండుడు లేదు, ఒలుకుడు లేదు.
"ఇండ్ల పీఎఫ్ గూడ లెక్కకు రాదా?"
"రాదు."

నవ్విండు. నవ్వుతడనుకోలే.
"అయితే ఇద్దరం ఒకటే" అన్నడు.
ఇద్దరంటే ఎవలెవలో అడగలే నేను.
"గదే రాయి."

వంద నోట్లు మూడు లెక్కబెట్టి ఇచ్చిండు.
ఫారం సంచిల వేసి
పాసుబుక్కును మాత్రం అంగీ లోపల పెట్టుకొని
వానలకు పోయిండు.

కరెంటు పోయింది.
చీకట్ల నా లెక్క నేను చేసుకున్న.
నాకు కంపెనీ లేదు, పీఎఫ్ లేదు,
నా పేరు మీద ఎవలూ ఏమీ కొయ్యరు.
లక్షా యాభై వేల టబ్బు
నా కోసం ఖాళీగ పట్టాల మీద నిలబడి ఉంది.
పద్దామంటే, నింపుదామంటే
తట్టల బొగ్గు లేదు.
పన్ను పడేంత సంపాదనే లేనిదానికి
మినహాయింపు దేనికి,
అన్నం లేని ఇంటికి అప్పడాల లెక్క.

బయట ఎవలో గొడుగు దులుపుతున్నరు.
"కూసో అన్నా, కరెంటు రానియ్యి" అన్న.

ఓదెలు ఇచ్చిన మూడు నోట్లల్ల
రెండే డ్రాయర్ల వేసిన.
మూడోది చేతిల్నే ఉంది.
కొస తడిసింది. కొంచెం నల్లగుంది.